ముందు జాగా ఖాళీగా వదిలిన చిత్రకారుడు: డె నిట్టిస్‌పై ఒక కేస్ స్టడీ

కాగితం మీదా గుడ్డ మీదా వేసిన పాత బొమ్మల్ని బాగుచేయడం నా వృత్తి. బూజు పట్టిన నీటిరంగులు, చెదలు కొట్టిన పటాలు, తేమకి అద్దానికి అతుక్కుపోయిన ఫొటోలు నా బల్ల మీదికి వస్తుంటాయి. ఆ పనితోపాటు ఆరేళ్లుగా హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులకు వారానికి రెండు క్లాసులు చెబుతున్నాను. ఇక్కడ రాస్తున్న కేసు ఆ క్లాసులోనే మొదలైంది. మూడేళ్లు నాతో నడిచి, చివరికి నన్ను ఇటలీలో ఒక చిన్న ఊరికి తీసుకెళ్లింది. మరుగున పడిన చిత్రకారుణ్ణి మళ్లీ వెతుక్కోవాలంటే ఏమేం చేయాల్సి వస్తుందో, ఎక్కడ పొరబడతామో, నాలా పాఠాలు చెప్పేవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాసిపెడుతున్నాను.

ఆ రోజు ఇంప్రెషనిస్టుల (క్షణక్షణం మారే వెలుతురును బొమ్మల్లో పట్టుకోవాలని చూసిన ప్యారిస్ చిత్రకారుల జట్టు) మొదటి ప్రదర్శన గురించి చెబుతున్నాను. 1874 ఏప్రిల్ 15న ప్యారిస్‌లో, కపుసీన్ బులవార్ 35వ నంబరులో, ఫొటోగ్రాఫర్ నదార్ ఖాళీ చేసిన స్టూడియోలో అది మొదలైంది. నెల రోజులు నడిచింది. కేటలాగులో 30 మంది పేర్లు, 165 అంశాలు ఉన్నాయి. "ఆ ముప్పై మందిలో మీకు తెలిసిన పేర్లు రాయండి" అన్నాను. మోనే, రెన్వా, డెగా, పిసారో, సెజాన్, సిస్లీ, బెర్త్ మోరిసో. ఏడుగురి దగ్గర అందరి పెన్నులూ ఆగిపోయాయి. పూర్తి జాబితా తెర మీద వేశాను. వెనక వరసలో ఒకమ్మాయి "మేడమ్, ఈ డె నిట్టిస్ ఎవరు? ఫ్రెంచి పేరులా లేదే" అని అడిగింది. ఇటలీవాడని, ఆ ప్రదర్శనలో ఉన్న ఇటలీ చిత్రకారుడు ఆయనొక్కడేనని చెప్పాను. తర్వాత ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఇన్నేళ్లు ఈ పాఠం చెప్పి, ఆ పేరు మీదుగా ఎన్నిసార్లు దాటిపోయానో అనిపించి చాలా బాధేసింది. ఆ ఎండాకాలం సెలవులు మొత్తం ఆయనకే కేటాయించాను.

మనిషి

జుసెప్పె డె నిట్టిస్ 1846 ఫిబ్రవరి 25న బార్లెట్టాలో పుట్టాడు. ఇటలీ దేశపు మ్యాపును బూటుతో పోలుస్తాం కదా, ఆ బూటు మడమకు కాస్త పైన, ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున, పుల్యా ప్రాంతంలో ఉంటుంది ఆ ఊరు. ఆలివ్ తోటలు, ద్రాక్ష తోటలు, సున్నపురాయి, విపరీతమైన ఎండ. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోయారు. తాత, నాయనమ్మ పెంచారు. 1861లో నేపుల్స్‌లోని కళాశాలలో చేరితే, క్రమశిక్షణ లేదని 1863లో పంపించేశారు. అది ఆయనకు మేలే చేసింది. నేపుల్స్ పక్కనే రెజీనా అనే చోట ఆరుబయట కూర్చుని బొమ్మలు వేసే కుర్రాళ్లతో కలిశాడు. మార్కో డె గ్రెగోరియో, ఫెడెరికో రొస్సానో ఆ జట్టులోవాళ్లే.

1867లో ప్యారిస్ చూశాడు, మరుసటి ఏడు అక్కడే కాపురం పెట్టాడు. 1869లో లెయొంతీన్ గ్రువెల్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఈమె పేరు గుర్తుంచుకోండి, ఈ కేసులో సగం బరువు ఆమెదే. ఫ్రాన్స్, ప్రష్యా యుద్ధం రావడంతో 1870లో ఇటలీ వచ్చేశాడు. ఆ తర్వాత కొంతకాలం వెసూవియస్ అగ్నిపర్వతం దగ్గర గడిపాడు. గుర్రమెక్కి కొండ మీదికి పోవడం, చిన్న చిన్న చెక్క పలకల మీద ఆ వాలునీ రాళ్లనీ పొగనీ వేసుకుని రావడం. 1872 ఏప్రిల్‌లో కొండ బద్దలైంది. ఆ బూడిద వానను వేసిన బొమ్మ ఇప్పుడు ఫ్లోరెన్స్‌లో పిట్టి ప్యాలెస్‌లో ఉంది.

ఆ తర్వాత అంతా పైకి ఎక్కడమే. 1872 సాలోన్‌లో, అంటే ప్యారిస్‌లో జరిగే అధికారిక చిత్ర ప్రదర్శనలో, "నేపుల్స్ నుంచి బ్రిండిసికి పోయే రోడ్డు" అనే బొమ్మతో పేరొచ్చింది. గూపిల్ లాంటి పెద్ద డీలరు కాంట్రాక్టు ఇచ్చాడు. లండన్‌లో కే నోల్స్ అనే బ్యాంకరు వరసగా నగర దృశ్యాలు వేయించుకున్నాడు. 1878 ప్రపంచ ప్రదర్శనలో 12 చిత్రాలు పెట్టి బంగారు పతకం తెచ్చుకున్నాడు, ఫ్రాన్స్ ప్రభుత్వం లెజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. శనివారాలు వాళ్లింట్లో విందు. డెగా, రచయిత ఎడ్మొన్ డె గొంకూర్ లాంటివాళ్లు వచ్చేవాళ్లు, మకరోనీ ఆయనే స్వయంగా వండేవాడు. 1884 ఆగస్టు 21న సాఁ జెర్మాఁ ఆఁ లేలో మెదడులో రక్తం చేరి హఠాత్తుగా పోయాడు. 38 ఏళ్లు. సమాధి మీద రాసే మాటలు ఫ్రెంచి రచయిత చిన్న డ్యూమా రాశాడు: నిండు యవ్వనంలో, నిండు కీర్తిలో, వీరుల్లా, అర్ధదేవతల్లా పోయాడని.

అంత కీర్తిలో ఉన్నవాణ్ణి నా విద్యార్థులే కాదు, నేనూ ఎరగను. కేసు అక్కడుంది.

ఎలా మరుగున పడ్డాడు

దీనికి సాధారణంగా చెప్పే సమాధానం ఒకటుంది: డె నిట్టిస్ ఇంప్రెషనిస్టుల ఎనిమిది ప్రదర్శనల్లో మొదటిదానిలో మాత్రమే పాల్గొన్నాడు, అందుకే ఆ చరిత్రలో నిలవలేదు. వినడానికి బాగానే ఉంటుంది. దీన్ని పరీక్షించడానికి ఇంకొక ఇటలీ చిత్రకారుణ్ణి పక్కన పెట్టి చూశాను. ఫెడెరికో జాండొమెనేగి, 1841లో వెనిస్‌లో పుట్టాడు, తాత తండ్రుల నుంచి శిల్పుల ఇల్లు. 1874లో ప్యారిస్ వచ్చి 1917లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. 1879, 1880, 1881, 1886లలో నాలుగు ఇంప్రెషనిస్టు ప్రదర్శనల్లో ఉన్నాడు. తర్వాత ఇంప్రెషనిస్టుల డీలరు డ్యురాఁ రుయెల్ ఆయన బొమ్మలు అమ్మాడు. నాలుగు ప్రదర్శనల్లో ఉన్నవాడి పేరూ నా క్లాసులో ఎవరికీ తెలియదు. కాబట్టి ఎన్ని ప్రదర్శనల్లో ఉన్నాడన్న లెక్క ఒక్కటే కారణం కాదు.

నాకు కనిపించిన కారణాలు వేరు. మొదటిది ఆయన చనిపోయిన సమయం. 1886లో డ్యురాఁ రుయెల్ మోనే, రెన్వా, డెగా తదితరుల బొమ్మల్ని న్యూయార్క్ తీసుకెళ్లి పెద్ద ప్రదర్శన పెట్టాడు. అమెరికా కొనుగోలుదారులు ఇంప్రెషనిజం వెంట పడటం అక్కణ్ణుంచే. ధరలు పెరిగాయి, మ్యూజియంలు కొన్నాయి, పుస్తకాలు వచ్చాయి. డె నిట్టిస్ దానికి రెండేళ్ల ముందే పోయాడు. పైగా ఆయన డ్యురాఁ రుయెల్ మనిషి కాదు. కీర్తి ఉన్నది సాలోన్‌లో, పాత లోకంలో. ఆ లోకం విలువ పడిపోయినప్పుడు దానితోపాటే ఈయన విలువా పడిపోయింది.

రెండోది, ఆయన్ని మావాడు అనే దేశం లేకపోవడం. ఫ్రాన్స్‌కు ఆయన ఇటలీవాడు. ఇటలీకి ఆయన ప్యారిస్‌వాడు. అక్కడ బొల్దీని అనే చిత్రకారుణ్ణీ జాండొమెనేగినీ డె నిట్టిస్‌నీ కలిపి "ప్యారిస్ ఇటాలియన్లు" అంటారు. పేరులోనే పరాయితనం ఉంది చూడండి. మన ఊళ్లలో "ఆయనా? ఎప్పుడో అమెరికా పోయాడులే" అన్నట్టు.

మూడోది నా వృత్తికి సంబంధించింది కనుక కాస్త ఎక్కువ చెబుతాను. చివరి ఏళ్లలో డె నిట్టిస్ పేస్టల్‌తో పెద్ద పెద్ద బొమ్మలు వేశాడు, కాగితం మీద కాదు, కాన్వాస్ మీద. పేస్టల్ అంటే రంగుపొడిని చాలా కొద్దిపాటి జిగురుతో కలిపి కడ్డీలా చేసింది. గీస్తే ఆ పొడి గరుకు మీద ఆగి ఉంటుంది, అంతే. నూనెరంగులా ఎండి గట్టిపడదు. పైన వార్నిష్ పూయలేం. పొడి రాలకుండా ఫిక్సెటివ్ కొడితే రంగు ముదురుతుంది, ఆ మెత్తని మెరుపు చచ్చిపోతుంది. అద్దం వెనకే ఉండాలి. మామూలు యాక్రిలిక్ షీటు పెడితే దానిలో పుట్టే స్టాటిక్ కరెంటు పొడిని లాక్కుంటుంది. వెలుతురు 50 లక్స్ దాటకూడదంటాం. లారీలో కుదుపులకు పొడి రాలిపోవచ్చు. ఇన్ని జాగ్రత్తలు కావాల్సిన బొమ్మను ఏ మ్యూజియమైనా ఊళ్లు తిప్పడానికి వెనకాడుతుంది. రోమ్ జాతీయ ఆధునిక కళా గ్యాలరీలో ఆయన 1881లో వేసిన మూడు పలకల పేస్టల్ ఉంది. గుర్రపు పందాలు చూడటానికి వచ్చిన జనం, చలికి కుంపటి దగ్గర చేరిన ఆడవాళ్లు, కుర్చీ ఎక్కి నిలబడ్డ ఒకామె. పందెం మీద కాదు, చూసే జనం మీద ఆయన దృష్టి. పేస్టల్‌తో అంత పెద్ద పని చేయడానికి ఎంత ధైర్యం కావాలో ఆ పొడిని చేత్తో పట్టుకున్నవాళ్లకు తెలుస్తుంది. కానీ దాన్ని చూడాలంటే మనమే వెళ్లాలి.

చూసేవాళ్ల దగ్గరికి రాని బొమ్మలు మనసులోంచి కూడా జారిపోతాయి. దీనికి ఎదురు ఉదాహరణ మా క్లాసుకు నాలుగడుగుల దూరంలోనే ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా పాలరాతి శిల్పాన్ని చూడని హైదరాబాద్ పిల్లలు ఉండరు. అది చెక్కిన జొవాన్నీ మరియా బెంజోనీ కూడా ఇటలీవాడే. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో దాన్ని కొన్నాడు. అదే 1876లో డె నిట్టిస్ ప్యారిస్ సాలోన్‌లో తన "పిరమిడ్స్ కూడలి" బొమ్మను చూపిస్తున్నాడు. స్కూలు విహారయాత్రలో రెబెక్కా ముందు నిలబడ్డ పిల్లలకు ఆ కాలపు ఇటలీ కళ అంటే ఆ ముసుగే.

మొదటి ప్రయత్నం, అందులో నా పొరపాటు

సెలవులయ్యాక ఆయన మీద నాలుగు క్లాసుల పాఠం తయారుచేశాను. బాగా ఆకట్టుకునే బొమ్మలతో మొదలుపెడదామనుకున్నాను. 1874 సాలోన్‌లో అందరూ మెచ్చిన "ఎంత చలి!", గాలికి ముడుచుకుపోతూ నడుస్తున్న ప్యారిస్ స్త్రీలు. ఆ తర్వాత పందాల దగ్గరి గౌన్లు, టోపీలు, మాతిల్డ్ రాకుమారి ఇంటి విందు గదిలో దీపాల వెలుగు. పిల్లలు శ్రద్ధగానే చూశారు. కానీ చివర్లో రాయమన్న అభిప్రాయాల్లో ఎక్కువ మంది ఒకటే రాశారు: అందంగా ఉన్నాయి, ఆ కాలపు ఫ్యాషన్ తెలిసింది. ఒకబ్బాయి ఇంకా సూటిగా "డెగా చూశాక ఇవి డెకరేషన్‌లా అనిపించాయి" అన్నాడు.

ఆ రాత్రి చాలాసేపు ఆ కాగితాలే చదువుకున్నాను. తప్పు వాళ్లది కాదు. నూరేళ్ల కిందట ఆయన్ని పక్కన పెట్టినవాళ్లు ఏ వరసలో చూసి పక్కన పెట్టారో, నేనూ అదే వరసలో చూపించాను. మంచి గౌనులు ముందు పెడితే గౌనులే కనిపిస్తాయి.

మళ్లీ మొదటి నుంచి చేశాను. ఒక్కో బొమ్మకు ఒక్కో కార్డు. మూడే వివరాలు: ఏ ఏడు, ఎక్కడ నిలబడి వేశాడు, ముందుగా ఎవరి చేతికి వెళ్లింది. అరవై కార్డులు అయ్యాయి. వాటిని ఇంట్లో గచ్చు మీద ఏళ్ల వరసలో పరిచాను. మూడో వివరం చాలా చెప్పింది. గూపిల్ కొన్నవి ఒక రకం, నోల్స్ వేయించుకున్నవి ఒక రకం, ఎవరూ కొనకుండా ఇంట్లోనే మిగిలినవి పూర్తిగా వేరే రకం. వెసూవియస్ చెక్క పలకలు, మంచు, పొగ, ఖాళీ మైదానాలు, భార్య, కొడుకు. మనం ఫ్యాషన్ చిత్రకారుడు అంటున్నది డీలర్లు కొన్న మనిషిని. ఇంట్లో మిగిలిన మనిషిని చూడలేదు. "పిరమిడ్స్ కూడలి" కార్డు దగ్గర ఇంకొక సంగతి తేలింది. ఆ బొమ్మను గూపిల్ దగ్గర్నుంచి ఆయన తానే తిరిగి కొనుక్కుని, 1883లో ఫ్రాన్స్ ప్రభుత్వానికి, లుక్సంబూర్ మ్యూజియానికి ఇచ్చాడు. ఇప్పుడది ఓర్సే మ్యూజియంలో ఉంది. తన పనుల్లో దేని విలువ ఏమిటో ఆయనకు స్పష్టంగా తెలుసు.

రోడ్లతో మొదలుపెట్టాక

రెండో ఏడు పాఠం బ్రిండిసి రోడ్డుతో మొదలైంది. ఆ బొమ్మ ఇప్పుడు అమెరికాలో, ఇండియానాపొలిస్ మ్యూజియంలో ఉంది. పెద్దదేం కాదు, ఎత్తు 27 సెంటీమీటర్లు, వెడల్పు 52. ఒక తెల్లని రోడ్డు, మిట్టమధ్యాహ్నపు ఎండ, గుర్రపు బండి, దాని కింద నల్లగా ముడుచుకున్న నీడ. పేరు, ఊరు ఏమీ చెప్పకుండా తెర మీద పెట్టి, "ఎన్ని గంటలయి ఉంటుంది? ఏ నెల?" అని అడిగాను. ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన అబ్బాయి వెంటనే "పన్నెండున్నర, మే నెల మేడమ్. నీడ బండి కిందికే పోయింది" అన్నాడు. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయని ఇంకొకళ్లు అన్నారు. ఇంప్రెషనిజం అంటే నీళ్ల మీద తళతళలు, పువ్వుల తోటలు అనుకున్న పిల్లలు, ఎండను ఇంత తెల్లగా, ఇంత కర్కశంగా కూడా వేయొచ్చని మొదటిసారి చూశారు. అది మనకు తెలిసిన ఎండ.

తర్వాత ఒక చిన్న పని చేయించాను. ఇది మీ క్లాసులో కూడా చేయించండి. నల్ల అట్టను కత్తిరించి ఒక్కొక్కరికి ఒక పట్టీ ఇచ్చాను. ప్రింటు తీసిన బొమ్మలో కింది మూడో వంతును దానితో కప్పి చూడాలి, తర్వాత తీసి చూడాలి. బ్రిండిసి రోడ్డులో కింది భాగం కప్పితే ఒక మామూలు బండి బొమ్మ. పట్టీ తీయగానే ఆ తెల్లని దుమ్ము నేల మన కాళ్ల దగ్గరిదాకా వచ్చేస్తుంది. "పిరమిడ్స్ కూడలి"లోనూ అంతే. వెనక, 1871లో ప్యారిస్ కమ్యూన్ తిరుగుబాటు రోజుల్లో తగలబడిన టూలరీ భవనం చుట్టూ మరమ్మతులకు కట్టిన పరంజా, దడి మీద అతికించిన పోస్టర్లు, గుర్రం మీద జాన్ ఆఫ్ ఆర్క్ విగ్రహం, దారిన పోయే జనం. ఇంత సంత పెట్టుకుని కూడా ముందు నేలను చాలా భాగం ఖాళీగా వదిలేశాడు. 1878 "వెస్ట్‌మిన్‌స్టర్"లో వంతెన పిట్టగోడకు ఆనుకున్న పనివాళ్లు, అవతల పొగమంచులో కరిగిపోతున్న పార్లమెంటు. వాళ్ల పక్కన మనం నిలబడటానికి చోటుంది.

ఈ సంగతి నేను చెప్పలేదు. పట్టీ పెట్టి తీస్తున్న ఒకమ్మాయి "ప్రతిదాంట్లోనూ ముందు జాగా వదిలేస్తున్నాడు, మన కోసం" అంది. అక్కణ్ణుంచి క్లాసు తీరే మారిపోయింది. జపాన్ ముద్రణా చిత్రాలను ఆయన ఇష్టంగా సేకరించేవాడని అప్పుడు చెప్పాను. విషయాన్ని పక్కకు నెట్టి, ముందు ఖాళీని మాట్లాడనివ్వడం ఆ చిత్రాల్లో ఉన్న పద్ధతే. అయితే ఆయనకది కేవలం జపాన్ నుంచి వచ్చిందని నేననుకోను. బార్లెట్టా చుట్టూ ఉన్న ఆ మైదానం నేల అలాంటిది. చిన్నప్పటి నుంచీ కళ్ల ముందు ఖాళీ ఉన్నవాడు. భార్య లెయొంతీన్ 1895లో ప్రచురించిన ఆయన జ్ఞాపకాల్లో, గాలి రంగులూ ఆకాశం రహస్యాలూ తనకు బాగా తెలుసని అంటాడు. ఆ ఖాళీ నేల మీద ఆడుతున్నది ఆ గాలే.

ఇక్కడే 1874 ప్రదర్శనకు తిరిగొచ్చాం. ఆయన్ని పిలిచింది డెగా. సాలోన్‌లో గౌరవం ఉన్నవాళ్లను కూడా కలుపుకోవాలని, ఇది సాలోన్ తిరస్కరించినవాళ్ల ప్రదర్శన అని జనం అనుకోకూడదని డెగా ఆలోచన. డె నిట్టిస్ అందులో ఐదు పనులు పెట్టాడు. వాటిలో వెసూవియస్ దృశ్యాలున్నాయి, ఒక ఇటలీ రోడ్డు ఉంది. అదే వసంతంలో సాలోన్‌లో "ఎంత చలి!" పెట్టాడు. అంటే ఎక్కడ ఏది చూపాలో ఎంచుకునే చేశాడు. కొత్తవాళ్ల మధ్య తన రోడ్లనూ కొండనూ పెట్టాడు. నా మొదటి పాఠంలో నేను సాలోన్ బొమ్మతో మొదలుపెట్టి, ఆయనే కొత్త కళగా ముందుకు తెచ్చినవాటిని వదిలేశాను.

బార్లెట్టా

మూడో ఏడు నవంబరులో వెళ్లాను. బారీ నుంచి రైల్లో గంటలోపే. దారి పొడుగునా ఆలివ్ చెట్లు, కాయలు రాల్చడానికి కింద పరిచిన వలలు.

ఇంత దూరం ఎందుకు రావాల్సి వచ్చిందంటే లెయొంతీన్ వల్ల. డె నిట్టిస్ పోయాక దాదాపు ముప్పై ఏళ్లు ఆమె బతికింది. ఇంట్లో మిగిలిన బొమ్మలను, పేస్టల్స్‌ను ప్యారిస్‌లో వేలం వేసి ఉంటే హాయిగా బతికేది, అవి ప్రపంచమంతా చెదిరిపోయేవి. ఆమె ఆ సేకరణను భర్త పుట్టిన ఊరికి రాసిచ్చింది. 1913లో ఆమె చనిపోయాక అవి బార్లెట్టా చేరాయి. మరుసటి ఏడు, 1914 వెనిస్ బియెన్నాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో ఆయన బొమ్మలకు ప్రత్యేక ప్రదర్శన పెట్టారు. అదే ఏడు ప్రపంచ యుద్ధం వచ్చింది. తర్వాత ఆ బొమ్మలు బార్లెట్టాలో ఒక చోటి నుంచి ఇంకొక చోటికి మారుతూ వచ్చాయి. 2007 నుంచి డెల్లా మర్రా ప్యాలెస్‌లో స్థిరంగా ఉన్నాయి. ఆమె ఇచ్చిన కానుకకు రెండు ముఖాలున్నాయి. బొమ్మల్ని ఒక్కచోట ఉంచి కాపాడింది. కానీ ప్యారిస్, లండన్, న్యూయార్క్ తిరిగే కళా విమర్శకుల దారిలో బార్లెట్టా లేదు. నాకైతే ఆమె మీద గౌరవమే. చెదిరిపోయిన చిత్రకారుణ్ణి మళ్లీ పోగుచేయడం ఎంత కష్టమో పనిలో చూశాను. ఒక్కచోట ఉన్నవాణ్ణి వెతుక్కుంటూ వెళ్లవచ్చు, టికెట్ కొనుక్కుంటే చాలు.

వెతికినవాళ్లు ముందూ ఉన్నారు. ఇటలీ విమర్శకుడు ఎన్రికో పిచేనీ దశాబ్దాల పాటు డె నిట్టిస్, జాండొమెనేగిల గురించి రాశాడు. 1963లో మేరీ పిట్టలూగాతో కలిసి డె నిట్టిస్ చిత్రాల మీద పెద్ద గ్రంథం తెచ్చాడు. 1990లో పియెరో డీని, జుసెప్పె లుయీజి మరీనీ రెండు సంపుటాల్లో జీవితం, పత్రాలు, చిత్రాలు అన్నీ ఒకచోట చేర్చారు. 2010లో ప్యారిస్‌లోని ప్టీ పలే, 2013లో పాదువా, 2019 చివర్లో ఫెరారా, 2022లో వాషింగ్టన్‌లోని ఫిలిప్స్ కలెక్షన్, 2024లో మిలాన్ రాజప్రాసాదం. ఇన్నిచోట్ల పెద్ద ప్రదర్శనలు జరిగాయి. వాషింగ్టన్‌లో జరిగింది అమెరికాలో ఆయన మీద పెట్టిన మొదటి ప్రదర్శన, చనిపోయిన 138 ఏళ్లకు.

డెల్లా మర్రాలో వెలుతురు తక్కువగా ఉంచారు, పేస్టల్స్ ఉన్న చోట ఉండాల్సినట్టే. నా అలవాటు కొద్దీ ముందు అంచులు చూశాను, పొడి రాలిందా అని. ఆ తర్వాతే బొమ్మలు. వాటిలో ఒకదాని ముందు నలభై నిమిషాలు కూర్చున్నాను. "తోటలో ఫలహారం", నూనెరంగు, 1883-84.

పుస్తకంలో చూసినప్పుడు ఇది సుఖంగా ఉన్న ఒక సంసారం బొమ్మ అనిపించింది. తోటలో బల్ల, తెల్లని గుడ్డ, దాని మీద గాజు గ్లాసులు, వెండి సామాను. లెయొంతీన్, కొడుకు జాక్. వెనక ఎండ పడిన పచ్చిక మీద బాతులు. దగ్గరికెళ్తే ముందు కనిపించేది బల్లగుడ్డ. తెలుపని మనం అనుకునేచోట ఎక్కడా ఉత్త తెలుపు లేదు. చెట్టు నీడలో ఉంది కనుక ఆ గుడ్డంతా నీలం, ఊదా, కొద్దిగా బూడిద. అక్కడక్కడా ఆకుల సందుల్లోంచి పడిన వెలుతురు చుక్క మాత్రం వెచ్చగా. వెనక పచ్చిక కళ్లు చెదిరేంత పచ్చగా ఉండటం వల్ల ఈ నీడ చల్లగా అనిపిస్తుంది. గాజు గ్లాసును పూర్తిగా గీయలేదు. అంచు మీద ఒక గీత, లోపల ఒక మరక, కాస్త దూరం జరిగితే గ్లాసు.

ఇక ముందు భాగం. మన వైపున ఒక కుర్చీ ఉంది. ఖాళీ. బల్ల మీద ఆ చోట నలిపి పెట్టిన నేప్‌కిన్ ఉంది. ఎవరో తింటూ తింటూ లేచారు. ఆ లేచినవాడు ఆయనే. లేచి, నాలుగడుగులు వెనక్కి వచ్చి, భార్యనీ కొడుకునీ వేస్తున్నాడు. ఆ బొమ్మ తర్వాత ఆయన ఎంతోకాలం లేడు. చనిపోబోతున్నానని తెలిసి వేశాడని నేననను, ఆయన చావు హఠాత్తుగా వచ్చింది. కానీ బ్రిండిసి రోడ్డు నుంచి కూడళ్ల మీదుగా వంతెన దాకా ముందు జాగా వదులుతూ వచ్చినవాడు, చివరికి తన ఇంట్లో తన కుర్చీనే ఖాళీగా వదిలాడు. అరవై కార్డుల వరస నాకు అక్కడ అర్థమైంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. గ్యాలరీలో కూర్చున్న ఆమె నా వైపు చూసి తల ఊపింది, ఇలాంటివాళ్లను ఇంతకుముందూ చూసినట్టు.

తిరిగొచ్చాక

ఇప్పుడు పాఠం మూడు క్లాసులకు కుదించాను. వెసూవియస్ పలకలు, రోడ్లు, ఆ తర్వాత లండన్, ప్యారిస్. గౌనులు చివర్లోనే. అప్పటికి పిల్లలు ఆ గౌనుల కింద నేల చూస్తున్నారు. "ఎంత చలి!"ని ఇప్పుడెవరూ ఫ్యాషన్ అనడం లేదు. ఆ ఆడవాళ్లను అలా వంగేలా చేస్తున్న గాలి గురించి మాట్లాడుతున్నారు. జాండొమెనేగిని కూడా చేర్చాను. పియచెంజాలోని రిచీ ఒద్దీ గ్యాలరీలో ఉన్న "ఆన్వెర్ కూడలి", 1880 నాటిది, ఆయనకు ప్రవేశ ద్వారంగా బాగా పనిచేస్తోంది. పిల్లలు ఆడుకుంటున్న నగర చతురస్రం. డె నిట్టిస్ కూడలి పక్కన పెడితే ఇద్దరి తేడా తెలిసిపోతుంది, జాండొమెనేగి జనాన్ని దగ్గరికి పిలుస్తాడు, డె నిట్టిస్ దూరం నుంచి గాలిని చూస్తాడు.

"తోటలో ఫలహారం" మంచి ప్రింటు ఒకటి తీయించి క్లాసు గోడకు పెట్టాం. పటాలను మామూలుగా నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో కడతాం కదా, అలాగే కట్టాను. వారం తర్వాత వచ్చి చూస్తే ఒకటిన్నర అడుగు కిందికి దిగి ఉంది. విద్యార్థులే మేకు మార్చారు. కారణం అడిగితే, బెంచీ మీద కూర్చుంటే ఆ కుర్చీ సరిగ్గా తమ ఎదురుగా రావాలని అన్నారు. ఇప్పుడు దాని కింద ఒక చిన్న అట్ట ముక్క, ఒకమ్మాయి చేతిరాతతో: జుసెప్పె డె నిట్టిస్, బార్లెట్టా, 1846–1884.